గుండిగలతో దిగే వసంతం

ఫాల్గుణం సగానికి వచ్చేసరికి భద్రాచలం వంతెన మీద బండ్ల తీరు మారిపోతుంది. ఆర్టీసీ బస్సుల నడుమ అద్దె టూరిస్టు బస్సులు కనిపిస్తాయి. ముందు అద్దానికి ఊరి పేరు రాసిన ఫ్లెక్సీ. టాపు మీద తాళ్లతో బిగించిన గుండిగలు, నీళ్ల డ్రమ్ములు, చాపల చుట్టలు. డిక్కీలో బియ్యం బస్తాలు, గ్యాస్ పొయ్యిలు, కూరగాయల బుట్టలు. గోదారి ఒడ్డున చెట్టు నీడ చూసుకుని బస్సు ఆగీ ఆగగానే ముందు వంట మాస్టారు దిగి కుళాయి ఎక్కడుందో వెతుక్కుంటాడు. ఆయన వెనక కమ్మీ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగుతూ పెద్దవాళ్లు వస్తారు. రిటైరైన పంతుళ్లు, పోస్టాఫీసులో పనిచేసి దిగిపోయినవాళ్లు, పొలం కొడుక్కి అప్పజెప్పిన రైతులు, ఇంటాయన పోయాక మొదటిసారి ఊరి పొలిమేర దాటిన అమ్మమ్మలు. చేతిలో కర్ర, చంకలో సంచి, సంచిలో మందుల డబ్బా.

అమెరికాలో పిల్లల దగ్గర ఆర్నెల్లు ఉండి వచ్చిన తల్లిదండ్రులు అక్కడి ఆర్వీ పార్కుల ముచ్చట చెబుతుంటారు. ఉద్యోగం నుంచి దిగిపోయిన మొగుడూ పెళ్లాలు ఇల్లంత బండి, అదే ఆర్వీ, కొనుక్కుంటారు. మంచు మొదలవగానే ఉత్తరాది రాష్ట్రాలు వదిలి ఫ్లోరిడాకో, టెక్సస్ గల్ఫ్ తీరానికో చేరతారు. సముద్రం ఒడ్డున బండ్లు వరసగా నిలుపుకునే చోట్లుంటాయి. కరెంటు, నీళ్లు, మురుగు గొట్టం బండి దగ్గరికే వస్తాయి. వసంతం దాకా అక్కడే కాపురం. టెక్సస్‌లో వాళ్లని వింటర్ టెక్సన్లు అంటారు. ఆస్ట్రేలియాలో ఇలా తిరిగే పెద్దవాళ్లు గ్రే నోమాడ్స్. మన దేశంలో కేరళ 2021లో కారవాన్ టూరిజం విధానం తెచ్చింది.

తెలుగువాళ్లకు ఇల్లు వెంటబెట్టుకుని తిరగడం కొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయల్దేరినప్పుడు గుడారాలు, వంటవాళ్లు, బోయీలు, బంధుమిత్రులు అందరూ వెంట నడిచారు. తిరిగి ఇల్లు చేరేసరికి 1831 సెప్టెంబరు వచ్చింది. ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ తిరగేస్తే మజిలీ మజిలీకీ అవే వివరాలు కనిపిస్తాయి. దిగడానికి చోటుందా, నీళ్లు మంచివేనా, సరుకులు దొరుకుతాయా. దాదాపు రెండొందల ఏళ్ల తర్వాత భద్రాచలం ఒడ్డున బస్సు దిగిన పెద్దాయన అడిగేదీ ఈ మూడే. ఇప్పుడు నాలుగోది కలిసింది: బాత్రూములు ఎటు?

అమెరికా బండిలో ఇద్దరుంటారు. ఎవరి పొయ్యి వాళ్లది. మన బస్సులో నలభై మందికి ఒకటే గుండిగ. మన పెద్దవాళ్లు ప్రయాణంలో వెంట తెచ్చుకునేది వంటిల్లూ, ఇరుగుపొరుగూ. ఏకాంతం వాళ్లకు ఇంటి దగ్గర కావలసినంత ఉంది. పిల్లలు హైదరాబాదులోనో, బెంగళూరులోనో, డాలస్‌లోనో ఉంటే మధ్యాహ్నం టీవీ ముందు గడిచేదంతా ఏకాంతమే. దాన్ని వదిలించుకోవడానికే బస్సెక్కుతారు. ఈ మాట పట్టించుకోకపోతే వాళ్ల కోసం ఎన్ని ఏసీ గదులు కట్టినా లాభం లేదు.

యాత్ర పుట్టే తీరు కూడా ముచ్చటగా ఉంటుంది. సంక్రాంతి వెళ్లగానే ఊళ్లో ఎవరో ఒకరు పూనుకుంటారు. ఎక్కువగా రిటైరైన మాస్టారు, లేదంటే డ్వాక్రా సంఘం లెక్కలు రాసి రాసి చెయ్యి తిరిగిన అక్క. తలకింత అని లెక్క కట్టి, అడ్వాన్సులు వసూలు చేసి, బస్సు మాట్లాడతారు. కోనసీమ, రాజమండ్రి వైపు నుంచి వచ్చేవి గోకవరం, రంపచోడవరం, మారేడుమిల్లి ఘాటు, చింతూరు మీదుగా వస్తాయి. కృష్ణా, గుంటూరు వైపువి సత్తుపల్లి, అశ్వారావుపేట దారి పడతాయి. ఖమ్మం నుంచైతే కొత్తగూడెం, పాల్వంచ మీదుగా దాదాపు 120 కిలోమీటర్లు. రైల్లో వచ్చేవాళ్లు భద్రాచలం రోడ్ స్టేషన్లో దిగుతారు. స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. అక్కడి నుంచి ఇంకో 40 కిలోమీటర్లు రోడ్డు.

బస్సులో సీట్ల పంపకం చూస్తే ఆ పెద్దల సంస్కారం తెలుస్తుంది. మోకాళ్ల నొప్పులవాళ్లకు ముందు సీట్లు. ఘాట్ రోడ్డులో కడుపు తిప్పేవాళ్లకు కిటికీ పక్కన. చివరి వరస ఎవరికీ వద్దు కాబట్టి రోజుకొకరు వంతు వేసుకుంటారు. తెల్లారగట్ల ఉప్మా, మధ్యాహ్నం పప్పు, ఓ కూర, చారు, మజ్జిగ. సాయంత్రం షుగరున్నవాళ్లకు గోధుమరవ్వ వేరే వండుతారు. కూరలు తరగడం మాత్రం వంటవాళ్ల మీద వదలరు. పట్టా పరిచి, కత్తిపీటలు వేసుకుని ఆడవాళ్లు చుట్టూ కూర్చుంటారు. కాళ్లు మడవలేనివాళ్లకు ప్లాస్టిక్ కుర్చీ, ఒళ్లో చేట, చిక్కుడుకాయల ఈనెలు తీసే పని. “వదినా, ఆ వంకాయలు నల్లబడతాయి, నీళ్లలో వెయ్యండి” అంటే “వేశాలే పిన్నీ, నువ్వు ముందు మాత్ర వేసుకో” అని జవాబు. బస్సెక్కినప్పుడు ఈ వదినలు, పిన్నులు ఒకరికొకరు ఏమీ కారు. రెండో రోజుకల్లా వరసలు కుదిరిపోతాయి.

భద్రాద్రి వసంతం ఒక్కరోజు పండగ కాదు. దాని అసలు కొలత నెల్లాళ్లు. ఫాల్గుణ పౌర్ణమి నాడు, అంటే హోళీ రోజున, కోవెలలో డోలోత్సవం, వసంతోత్సవం చేసి పెళ్లి పనులు మొదలుపెడతారు. పసుపు కొమ్ములు రోట్లో వేసి ముత్తయిదువలు దంచుతారు. గులాలు, సుగంధ ద్రవ్యాలు కలిపి తలంబ్రాలు సిద్ధం చేస్తారు. అందుకే ఇక్కడి తలంబ్రాలు మిగతా పెళ్లిళ్లలోలా పసుపు రంగులో కాక గులాబి రంగులో ఉంటాయి. ఉగాదికి వసంతపక్ష ప్రయుక్త తిరుకల్యాణ బ్రహ్మోత్సవాలు మొదలై చైత్ర పౌర్ణమి దాకా సాగుతాయి. అష్టమి సాయంత్రం ఎదుర్కోలు, నవమి నాడు మిథిలా స్టేడియంలో అభిజిత్ లగ్నాన కల్యాణం, దశమి నాడు పట్టాభిషేకం. నవమి నాటికి వచ్చే జనంలో చాలామంది తలంబ్రాలు అందగానే బస్టాండు దారి పడతారు. దశమి నాడు మిగిలేది తొందర లేనివాళ్లు, పెన్షన్ పుస్తకం తప్ప మరే రిజిస్టరూ తమని పిలవనివాళ్లు. పట్టాభిషేకం ఆ పెద్దవాళ్ల పండగ. నీడన కూర్చుని, ఒక్కొక్క ఆభరణం పేరూ చెప్పించుకుని, రామదాసు చేయించిన చింతాకు పతకాన్ని తనివితీరా చూసే తీరిక వాళ్లకే ఉంటుంది.

రాకముందే ఈ పెళ్లిలో పాలు పంచుకునే పెద్దవాళ్లు కూడా ఉన్నారు. రాజమండ్రి దగ్గర కోరుకొండ ప్రాంతంలో కల్యాణం కోసమే ప్రత్యేకంగా వరి పండిస్తారు. ఆ వడ్లను మిల్లుకు పంపరు, రోకలి వేయరు. ఒక్కో గింజనూ గోటితో ఒలుస్తారు. వడ్లు పొట్లాలుగా ఊళ్లూళ్లకూ, పక్క రాష్ట్రాలకూ వెళ్లి బియ్యమై తిరిగొస్తాయి. గింజ విరగకూడదు. చూపు ఆనని వయసులో, వేళ్ల కణుపులు నొప్పి పెడుతుంటే, నెలల తరబడి గుప్పెడు గుప్పెడుగా ఒలిచిన బియ్యం అది. ఒలిచినవాళ్లలో ఎందరో భద్రాచలం వచ్చి ఆ తలంబ్రాల నుంచి నాలుగు గింజలు కొంగున కట్టుకుని వెళ్తారు. రిటైరైన చేతులకు ఇంత విలువైన పని అప్పజెప్పిన ఆచారం నాకు ఇంకొకటి కనిపించదు.

ఈ ఊరికి వచ్చి ఉండిపోవడమన్నది పాత సంగతే. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న, గోల్కొండ తానీషా కాలంలో పాల్వంచ పరగణా తహశీల్దారుగా ఇక్కడికొచ్చి గుడి కట్టి, చెర పాలై, రామదాసుగా మిగిలిన కథ అందరికీ తెలుసు. అంతగా తెలియని కథ తూము నరసింహదాసుది. గుంటూరు మనిషి. 19వ శతాబ్ది తొలి దశకాల్లో కొలువు విడిచి, యాత్రలు చేస్తూ భద్రాచలం చేరాడు. కంచి వైపు నుంచి వచ్చిన వరద రామదాసు ఆయనకు తోడయ్యాడు. అప్పటికి గుళ్లో సేవలు కుంటుపడి ఉన్నాయి. నిజాం దివాను చందూలాల్ నుంచి నిర్వహణ బాధ్యత తీసుకుని, నిత్యపూజల క్రమం మళ్లీ నిలబెట్టారు. నరసింహదాసు 1833లో కన్నుమూశాడు. కొలువు చాలించుకున్న మనిషి ఒక ఊరికి ఏం చేయగలడో చెప్పమంటే నేను ఆయన పేరే చెబుతాను.

ఇప్పుడు ఉగాది నుంచి పౌర్ణమి దాకా ఉండడానికి వచ్చేవాళ్లు సత్రాల్లోనో, కరకట్ట పక్క వీధుల్లో నెలవారీ గదుల్లోనో దిగుతారు. వాళ్ల రోజు నాలుగింటికే మొదలవుతుంది. చైత్రానికి గోదారి సన్నబడి, ఇసుక తిన్నెలు బయటపడి ఉంటాయి. స్నానానికి మెట్ల మీద నుంచి ఇసుకలోకి దిగి, నీళ్ల దాకా నడవాలి. చలి లేదు, ఎండ ఇంకా రాలేదు. ఒకరి భుజం ఒకరు పట్టుకుని మోకాలి లోతు దాకా వెళ్తారు. తొమ్మిది దాటితే మాత్రం ఆ ఇసుక మీద కాలు పెట్టలేం. సుప్రభాతం, దర్శనం అయ్యాక కరకట్ట మీద నడక. ఆ కట్ట మీద నిలబడి వరద మాటలు చెప్పుకోని పెద్దవాళ్లుండరు. 1986 ఆగస్టులో గోదారి 75.6 అడుగులకు వచ్చింది. 2022 జూలైలో 71.3 అడుగులు. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు. చైత్రంలో పాదం తడవడానికి వెతుక్కోవాల్సిన నది, శ్రావణంలో ఊరి మెడ దాకా వస్తుంది. వసంతం ఇక్కడ అంత చిన్నది, అంత దయగలది. నెల తిరిగితే ఎండలు ముదురుతాయి. 45 డిగ్రీలు దాటిన రోజులు కొత్తగూడెం, భద్రాచలం ప్రాంతానికి కొత్త కావు.

పగళ్లు చుట్టుపక్కల తిరగడానికి. దుమ్ముగూడెం మండలంలోని పర్ణశాల 35 కిలోమీటర్లు. సీతమ్మ చీరలారేసిన చారలని వాగులో బండల మీద గీతలు చూపిస్తారు. ఆ దారి వెంట సరిహద్దు కూడా చూడొచ్చు. పోలవరం ప్రాజెక్టు ముంపు కారణంగా 2014లో ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలో మిగిలింది. ఊరు దాటగానే ఏటపాక, అంటే ఆంధ్ర. ఇంకొంచెం వెళ్తే మళ్లీ తెలంగాణ. గుండాల ఊరి దగ్గర గోదారి ఇసుకలో చెలమ తవ్వితే వేడినీళ్లు ఊరతాయి. మోకాళ్లకు మంచిదని పెద్దవాళ్లు ఆ నీళ్లు కాళ్ల మీద పోయించుకుంటారు. మంచిదో కాదో డాక్టర్లు చెప్పాలి, ఆ పది నిమిషాలూ వాళ్ల మొహాల్లో కనిపించే హాయి మాత్రం నిజం. పాల్వంచ దగ్గర కిన్నెరసాని జలాశయం, జింకల పార్కు ఓ పూట.

ఓపికున్నవాళ్లు పాపికొండలకు వెళ్తారు. వి.ఆర్.పురం మండలం పోచవరం దగ్గర లాంచీ ఎక్కితే పేరంటపల్లి, ఆ పైన కొల్లూరు. కొల్లూరు ఇసుక తిన్నెల మీద వేసే వెదురు గుడిసెలే మన ప్రాంతానికి ఆర్వీ పార్కు. రాత్రి అక్కడ పడుకుంటారు, కొండల నడుమ, నీళ్లకు పది అడుగుల దూరాన. ఒక మాట గట్టిగా చెప్పాలి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర మునిగిన లాంచీలో వెళ్లినవాళ్లలో యాభై మంది దాకా తిరిగిరాలేదు. ఆ తర్వాత బోట్లు ఆపేసి, కంట్రోల్ రూములు పెట్టి, నిబంధనలు బిగించి మళ్లీ మొదలుపెట్టారు. లైఫ్ జాకెట్ ఉక్కపోస్తుందని ఒళ్లో పెట్టుకునే పెద్దాయనకు పక్కవాళ్లే చెప్పి తొడిగించాలి. అక్కడ మొహమాటం పనికిరాదు.

ఇదే నెల్లాళ్లు అడవికి పనికాలం. మోదుగలు పూసి రాలిపోతున్న వేళకు ఇప్పపువ్వు మొదలవుతుంది. రాత్రంతా రాలిన పువ్వును పశువులు, ఎలుగుబంట్లు తినకముందే ఏరుకోవాలి. అందుకని కోయగూడేల్లో ఆడవాళ్లు చీకటి ఉండగానే బుట్టలతో చెట్ల కిందికి చేరతారు. వాళ్లలో డెబ్బై ఏళ్లవాళ్లూ ఉంటారు. వంగి, ఒక్కో పువ్వూ ఏరి, ఇంటికి తెచ్చి ఎండబెడతారు. ఏప్రిల్ చివరికల్లా తునికాకు. కోసిన ఆకుల్ని యాభై చొప్పున కట్టలు కట్టి కల్లానికి చేర్చాలి. ఎండ ముదిరేకొద్దీ ఆ పని పెరుగుతుంది. గోదారి మెట్ల దగ్గర స్నానానికి దిగే అమ్మమ్మ, ఇప్పచెట్టు కింద వంగిన అవ్వ ఒకే వేళకు, ఒకే వయసులో లేస్తున్నారు. ఒకరు ఉద్యోగమో సంసారమో దించుకుని వచ్చారు. ఇంకొకరికి దించుకునే రోజంటూ లేదు. తెలంగాణ 2019లో వృద్ధాప్య పింఛను 2,016 రూపాయలు చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి అది 4,000. ఏటపాక వైపు గూడెంలో పుట్టిన అవ్వకూ, భద్రాచలం వైపు గూడెంలో పుట్టిన అవ్వకూ మధ్య ఉన్నది ఒక రోడ్డు మలుపు.

యాత్రికులకు నేను కోరేది చిన్నది. ఒడ్డున అడ్డాకుల విస్తళ్లు, తేనె, వెదురు బుట్టలు అమ్మే ఆ అవ్వల దగ్గర బేరం ఆడకండి. గుడి కథ మొదలయ్యేదే ఒక కోయ స్త్రీతో. పోకల దమ్మక్క పుట్టలో విగ్రహాలు చూసి, పందిరి వేసి, తాటిపండు నైవేద్యం పెట్టిందని స్థలపురాణం. ఆవిడ పెట్టిన పందిట్లోకే ఇవాళ మనందరం వస్తున్నాం.

రిటైరైనవాళ్లంటే దూరం నుంచి వచ్చేవాళ్లే కాదు. ఈ జిల్లాలో బొగ్గు ఊళ్లూ ఉన్నాయి. ఇల్లెందులో 1889లో తవ్వకం మొదలైంది. సింగరేణి కార్మికుడు దిగిపోయిన రోజున కంపెనీ క్వార్టర్ కూడా ఖాళీ చేయాలి. ముప్పై ఏళ్లు ఉన్న వీధి, చెట్టు, పక్కింటి గోడ ఒక్కసారే పోతాయి. 1998 నాటి బొగ్గుగని పెన్షన్ పథకంలో ధరలతో పాటు పెరిగే భత్యం లేదు. అప్పట్లో నాలుగంకెల పెన్షన్‌తో దిగినవాళ్లు ఇప్పటికీ ఆ అంకె దగ్గరే ఉన్నారు. అలాంటి పాత సెక్షన్ వాళ్లు పదిమంది కలిసి కొత్తగూడెం నుంచి పొద్దున బస్సెక్కి, గోదారిలో మునిగి, మధ్యాహ్నం ఒడ్డున కూర్చుని పాత షిఫ్టుల కబుర్లు చెప్పుకుని సాయంత్రానికి ఇల్లు చేరతారు. వాళ్లకు గది అక్కర్లేదు. నీడ కావాలి, కూర్చోవడానికి వీపు ఆనే బెంచీ కావాలి.

చార్జీల సంగతి తెలిస్తేగాని ఈ కదలిక అర్థం కాదు. రైల్లో అరవై దాటిన మగవాళ్లకు 40 శాతం, యాభై ఎనిమిది దాటిన ఆడవాళ్లకు 50 శాతం రాయితీ ఉండేది. 2020 మార్చిలో కోవిడ్ పేరు మీద ఆపారు. కోవిడ్ పోయింది, రాయితీ రాలేదు. ఈలోగా మరో తలుపు తెరుచుకుంది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లోనూ ఉచిత ప్రయాణం వచ్చింది. కొడుకుని అడక్కుండా, చీటీ డబ్బు ముట్టుకోకుండా, ఆధార్ కార్డు కొంగున కట్టుకుని నేలకొండపల్లి నుంచి, వైరా నుంచి, మధిర నుంచి నలుగురు ముసలమ్మలు కలిసి భద్రాచలం వచ్చేస్తున్నారు. డెబ్బై ఏళ్ల వయసులో మొదటిసారి తన ఇష్టం మీద బయల్దేరిన మనిషి నడకే వేరుగా ఉంటుంది. ఉచితం వల్ల బస్సులు కిక్కిరిశాయని విసుక్కునేవాళ్లు, ఎక్కువ బస్సులు వేయమని అడగాలి. ముసలమ్మని ఇంట్లో కూర్చోమనకూడదు.

ఇన్ని దారుల్లో ఇంతమంది పెద్దవాళ్లు చేరే ఈ ఒడ్డు, వాళ్లను దృష్టిలో పెట్టుకుని కట్టినది కాదు. 2011 జనగణన నాటికే దేశంలో అరవై దాటినవాళ్లు పది కోట్లు పైన. యాత్రాస్థలాల్లో ఆ పాలు ఇంకా ఎక్కువని కళ్లకు కనిపిస్తూనే ఉంది. నవమి ఒక్కరోజు కోసం పందిళ్లు, చలివేంద్రాలు, సెక్టార్లు, పానకం, వడపప్పు, అంబులెన్సులు అన్నీ వస్తాయి. అధికారులు రాత్రింబవళ్లు పనిచేస్తారు, అందులో లోపం ఎంచను. దశమి సాయంత్రానికి పందిళ్లు విప్పేస్తారు. ఎండ మాత్రం దశమి తర్వాతే పెరుగుతుంది. బ్రహ్మోత్సవాల మిగతా రోజులకు ఆ నీడ ఉండదు. స్నానఘాట్ల మెట్లు ఎత్తు. మధ్యలో పట్టుకోవడానికి కమ్మీ ఉన్నచోట్లు కొన్నే. సత్రాల్లో కింది అంతస్తు గదులు కొద్ది, మేడ మీది గదులు ఎక్కువ. రాత్రిపూట రెండుసార్లు లేచే వయసు వాళ్లకు వరండా చివర ఉన్న బాత్రూము ఎంత దూరమో కట్టినవాళ్లు ఆలోచించలేదు. నీళ్లు తాగితే మాటిమాటికీ లేవాల్సి వస్తుందని పెద్దవాళ్లు ప్రయాణంలో నీళ్లు మానేస్తారు. ఎండదెబ్బ తగిలేది ముందు వాళ్లకే. మరుగుదొడ్డి లేకపోవడం ఈ ప్రాంతంలో ప్రాణం మీదికి తెచ్చే సమస్య.

కావలసినవి పెద్ద ఖర్చువి కావు. యాత్రా బస్సులకు ఊరికి దగ్గరగా ఓ ఆవరణ. అందులో రేకుల షెడ్డు కాకుండా కానుగ, వేప, రావి నీడ. గుండిగ పెట్టుకునే గట్లు, కుళాయిలు, గిన్నెలు కడిగిన నీళ్లు గోదారిలోకి కాకుండా ఇంకుడు గుంటలోకి పోయే కాలువ. ఎత్తుపీట మరుగుదొడ్లు, గోడకు కమ్మీ. బీపీ చూసి, షుగరు చూసి, మాత్ర మర్చిపోయి వచ్చినవాళ్లకు మాత్ర ఇచ్చే నర్సు. సత్రాల్లో కింది గదులు అరవై దాటినవాళ్లకే అన్న నియమం. ఈ చివరిదానికి రూపాయి ఖర్చు లేదు, ఓ కాగితం మీద సంతకం చాలు. ఇవన్నీ నవమికి కాదు, ఉగాది నుంచి పౌర్ణమి దాకా నడవాలి. ఏటపాక వైపు ఖాళీ నేల ఉంది, భద్రాచలం వైపు జనం ఉన్నారు. రెండు ప్రభుత్వాలు కూర్చుని మాట్లాడుకుంటే ఆవరణ ఎక్కడ పెట్టాలన్నది తేలిపోతుంది. గోదారిలో మునిగే ముసలమ్మకు ఈ ఒడ్డు ఏ రాష్ట్రానిదో పట్టదు.

దీనికి సరైన అదను కూడా వచ్చింది. 2015 తర్వాత మళ్లీ 2027లో గోదావరి పుష్కరాలు. పుష్కరాల పేరు మీద ఘాట్లు, రోడ్లు, మరుగుదొడ్లు కడతారు. ఆ పన్నెండు రోజుల కోసం పోసిన కాంక్రీటే తర్వాతి పన్నెండేళ్లూ పెద్దవాళ్ల కాళ్ల కింద ఉంటుంది. మెట్టు ఎత్తు ఆరంగుళాలు దాటకూడదు. పది మెట్లకోసారి కూర్చునే అరుగు ఉండాలి. రెండు వైపులా, మధ్యలో కూడా కమ్మీ ఉండాలి. గీసిన ప్లాను ఖాయం చేసే ముందు ఓ చైత్రపు ఉదయాన ఇంజనీర్లు ఇప్పుడున్న ఘాటు దగ్గరికి వచ్చి, బస్సు దిగిన పెద్దవాళ్ల వెంట నీళ్ల దాకా నడిచి చూడాలి. ఎక్కడ ఆగుతున్నారో, ఎక్కడ చెయ్యి చాస్తున్నారో గుర్తు పెట్టుకుంటే చాలు, కమ్మీ ఎక్కడ పాతాలో తెలుస్తుంది.